ముత్తయ్య చూడాల్సిన ఊరు

కరీంనగర్‌లో వెండి తీగతో నగిషీ చేసే ఔసుల ఇండ్లు అప్పట్లో ఒకే వాడలో, గోడకు గోడ ఆనుకొని ఉండేవి. ఆ వాడలో సాంబయ్యకు పని నేర్పింది తండ్రి కాదు, అక్క మొగుడు ముత్తయ్య. సాంబయ్య నడక నేర్వకముందే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. అక్క శంకరవ్వ కాపురానికి వస్తూ వస్తూ తమ్ముణ్ని కూడా చంకనేసుకొచ్చింది. "నేనొస్తె వీడు గూడ వస్తడు" అని పెండ్లినాడే తెగేసి చెప్పిందట. ముత్తయ్య నవ్వి, "రానియ్యి. ఊదుగొట్టం పట్టెటందుకు నాకూ ఒగడు గావాలె" అన్నాడట.

అట్లా ఆ ఇంట్లో పెరిగాడు సాంబయ్య. బావ పక్కన కూర్చొని నిప్పు ఊదడం నేర్చాడు, వెండిని వెంట్రుకంత సన్నగా సాగదీయడం నేర్చాడు. పనిమంతుడే అయ్యాడు. కానీ ముత్తయ్య చేయి వేరు. ఆయన పట్టకారుతో తీగను అట్లా ఒక తిప్పు తిప్పి వదిలితే అది పూరేకై కూర్చునేది. సాంబయ్య అదే తిప్పు తిప్పితే అది తిప్పిన తీగలాగే ఉండేది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఎవరూ పైకి అనేవారు కాదు.

ఒక వానకాలమంతా కూర్చొని ముత్తయ్య ఒక గులాబ్‌దాని చేశాడు. పెండ్లిళ్లలో పన్నీరు చల్లే ఆ పాత్రకు మెడ చుట్టూ తీగ అల్లి, తీగ మీద చిన్న పిట్టల్ని వాలబెట్టాడు. సాంబయ్య దానికి అడుగుపీట అతికించాడు, కుంకుడు నురుగుతో తోమి మెరుగు తెచ్చాడు. పనివాళ్ల సంఘం ఆఫీసులో అద్దాల బీరువాలో పెట్టారు దాన్ని.

పందొమ్మిది వందల అరవై ఒకటి ఎండాకాలంలో హైదరాబాద్ నుంచి ఒక ఆఫీసరు జీపులో దిగాడు. ఆ రోజు ముత్తయ్య ఊళ్లో లేడు, జమ్మికుంటలో చుట్టాల పెండ్లికి పోయాడు. సంఘం ఆఫీసులో సాంబయ్య ఒక్కడే ఉన్నాడు. ఆఫీసరు గులాబ్‌దాని చేతిలోకి తీసుకొని, కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూశాడు.

"జపాన్‌లో కోబే అని ఒక రేవుపట్నం ఉందయ్యా. అక్కడ చేతిపనుల ప్రదర్శన పెడుతున్నారు. తీగపనికి మనిషిని పంపాలి. ఇది ఎవరి పని?"

"మా ఇంట్లనే జేసినం సార్."

"అది సరే, చేసిందెవరు?"

మా బావ అన్న మాట సాంబయ్య నాలుక చివరిదాకా వచ్చింది. పుట్టి పెరిగాక అతడు చూసిన పెద్ద నీళ్లంటే గోదావరే. సముద్రం, ఓడ, పరాయి దేశం అన్నీ ఒక్కసారి కండ్ల ముందు తిరిగాయి. "నేనే సార్" అన్నాడు. ఆఫీసరు పేరు రాసుకొని వెళ్లిపోయాడు.

ప్రభుత్వ ఉత్తరువు వచ్చిన రోజు వాడంతా పండుగైంది. ముత్తయ్య అందరికంటే ముందు నవ్వాడు. "పడుసోన్ని పంపాలె అనుకున్నట్టున్నరు. మంచిగైంది. నాకీ వయసుల ఓడలెందుకు?" అన్నాడు. కానీ ఆ సాయంత్రం సాంబయ్య బడి పక్క నుంచి వస్తుంటే లోపల ముత్తయ్య కనిపించాడు. పంతులు గ్లోబు తిప్పుతున్నాడు. ముత్తయ్య ముక్కు దానికి ఆనేంతగా వంగి, "గింత దూరమా పంతులూ? నడుమ అంత నీళ్లేనా?" అని అడుగుతున్నాడు. సాంబయ్య కిటికీ దగ్గర ఆగిపోయాడు. అప్పుడన్నా లోపలికి పోయి చెప్పవచ్చు. ఇంకా పొద్దు మించిపోలేదు. కాళ్లు మాత్రం ఇంటిదారి పట్టాయి.

కాజీపేటలో రైలెక్కించే వేళ ముత్తయ్య తన ఉన్ని కోటు విప్పి అతడి భుజాన వేశాడు. "ఆడ సలి ఉంటదట. జర పైలం" అన్నాడు. సాంబయ్య తల ఎత్తలేకపోయాడు. బావను విడిచిపోతున్నందుకు ఏడుస్తున్నాడనుకొని అందరూ ఓదార్చారు.

*

కోబే ఒక పక్క కొండకూ ఒక పక్క సముద్రానికీ నడుమ ఇరుక్కొని, పొడుగ్గా పరుచుకున్న ఊరు. ఏ వీధిలో నిలబడ్డా పైకి చూస్తే పచ్చని కొండ, కిందికి చూస్తే ఓడల పొగగొట్టాలు. ప్రదర్శన రేవు దగ్గరే పెద్ద షెడ్డులో. పొద్దున మాత్రమే పని, మధ్యాహ్నం తర్వాత ఊరు చూపించేవారు. అక్కడ ఏండ్ల నుంచి బట్టల వ్యాపారం చేస్తున్న ఒక గుజరాతీ ఆయన వెంట ఉండి, హిందీలో అన్నీ విడమరచి చెప్పేవాడు.

మొదట్లో సాంబయ్య ఎక్కడికీ పోలేదు. తలనొప్పి అన్నాడు, కాలు బెణికింది అన్నాడు. షెడ్డులో తనకిచ్చిన దుకాణంలో, వెంట తెచ్చిన గులాబ్‌దాని పక్కన కూర్చునేవాడు. దాని ముందు అట్టముక్క మీద అతడి పేరు రాసి ఉంది. రావడమే దొంగతనంగా వచ్చాను, చూడకుండా ఉంటే కొంతైనా తక్కువ దొంగనవుతాను అని అతడి లెక్క.

మన దిక్కు నుంచి వెళ్లిన పనివాళ్ల గుంపులో నిర్మల్ బొమ్మలకు రంగులేసే అంబదాస్ ఉన్నాడు. మనిషి కుదురుగా ఉండడు, ఎదుటివాణ్నీ ఉండనివ్వడు. ఒకరోజు చేయి పట్టి లేపాడు.

"అరె సాంబయ్య భాయీ! ఇంత దూరమొచ్చి గోడలు జూసుకుంట కూసుంటవా? చల్, లే! కొండ మీదికి బండి పోతదట, తాడు కట్టి గుంజుతరట!"

నిజంగానే బండిని ఉక్కుతాడుతో కొండ మీదికి లాగారు. ఏటవాలుగా, వీపు వెనక్కి ఒరిగిపోయేంత నిటారుగా పోతున్నది. అంబదాస్ కండ్లు మూసుకొని దేవుళ్ల పేర్లన్నీ మరాఠీలో మొదలుపెట్టాడు. సాంబయ్య కిటికీలోంచి చూస్తున్నాడు. ఇండ్ల కప్పులు కిందికి జారిపోయాయి. చెట్లు కిందికి పోయాయి. పైన దిగి ఒడ్డుకొచ్చి నిలబడేసరికి, ఊరూ రేవూ సముద్రమూ మొత్తం కాళ్ల కింద పరిచినట్టున్నాయి. ఓడలు కదులుతుంటే వాటి వెనక తెల్లటి నురుగు సన్నని వెండితీగలా సాగుతున్నది. సాంబయ్య పసిపిల్లవాడిలా గట్టిగా నవ్వాడు. ఒక ముసలామె బండి మీద చిలగడదుంపలు కాల్చి అమ్ముతుంటే, "గివి మన గడ్డలే గదనే!" అని అంబదాస్‌కు చూపించి, వేడివేడివి ఊదుకుంటూ తిన్నాడు. దిగేటప్పుడు ఊరి వెనక కొండచరియలో జలపాతం దగ్గర ఆగి, నీళ్లలో కాళ్లు పెట్టి చలికి కెవ్వుమన్నాడు.

బసకు తిరిగొచ్చి కోటు విప్పుతుంటే అప్పుడు తెలిసొచ్చింది, పొద్దటి నుంచీ బావ ఒక్కసారన్నా గుర్తుకు రాలేదని. కోటు చేతుల్లోనే ఉండిపోయింది. సంతోషపడ్డందుకు కాదు అతడికి సిగ్గేసింది. ఆ సంతోషంలో ముత్తయ్యకు చోటే లేకుండా పోయినందుకు.

ఆ తర్వాత రెండు మూడు రోజులకు ఒక ముసలి కంసాలి దుకాణానికి వచ్చాడు. ఆ ఊరి లోహపు పనివాడట, చేతివేళ్ల మీద కాలిన మచ్చలున్నాయి. గులాబ్‌దాని ముందు మోకాళ్ల మీద కూర్చొని, పిట్టల్ని ఒక్కొక్కదాన్నీ చూశాడు. లేచి సాంబయ్యకు నడుము దాకా వంగి దండం పెట్టాడు. ఏదో అడిగాడు.

"మీ చేతికి ఈ పని నేర్పిందెవరని అడుగుతున్నాడు" అన్నాడు గుజరాతీ ఆయన.

ఎవరూ ఒత్తిడి చేయలేదు. ఆఫీసరు లేడు, ఉత్తరువు లేదు, నిజం చెబితే పోయేదేమీ లేదు. అయినా అట్టముక్క మీద పేరు చూస్తూ సాంబయ్య అన్నాడు, "మా బాపు."

ముఖం కూడా ఎరగని తండ్రి పేరు చెప్పి, పెంచిన మనిషిని రెండోసారి తుడిచేశాడు. ముసలాయన మళ్లీ వంగాడు. ఈసారి ఆ దండం సాంబయ్యకు వీపు మీద చెప్పుదెబ్బలా తగిలింది.

వాళ్లు బయలుదేరే ముందు ఆ ఊళ్లో రేవు పండుగ వచ్చింది. సందెవేళ వీధుల్లో జనం కిక్కిరిసిపోయారు. రంగురంగుల అంగీలేసుకున్న ఆడపిల్లలు వరుస కట్టి, చప్పట్లు చరుస్తూ అడుగులేస్తూ పోతున్నారు. వాళ్ల వెనక ట్రాంబండి వచ్చింది. అడుగు నుంచి కప్పు దాకా పూలే. వరుస మీద వరుస, పసుపు మీద ఎరుపు, ఎరుపు మీద తెలుపు, నడుమ నడుమ దీపాలు. బతుకమ్మే పట్టాలెక్కి నడిచి వస్తున్నట్టున్నది.

"ఓ అవ్వ!" అన్నాడు అంబదాస్.

ఇంటికాడ ఇదే వేళకు అక్క ముంగిట్లో కూర్చొని తంగేడు, గునుగు పేర్చుతూ ఉంటుంది. పక్కన బావ కాడలు కోసి అందిస్తూ, "గా తెల్లపువ్వు గీడ వెట్టు" అని పోరుపెడుతూ ఉంటాడు. పూలు పేర్చే దగ్గర ముత్తయ్యకు ఆడామగా తేడా లేదు. ఈ బండిని చూస్తే ఆయన రోడ్డు మీదనే కూలబడి, ఏ పువ్వు పక్కన ఏ పువ్వు ఉన్నదో చెప్పుకుంటూ పోయేవాడు. సాంబయ్య జనంలో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. పక్కనున్న ఒక జపానామె కంగారుపడి తన చేతిరుమాలు ఇచ్చింది.

*

తిరిగొచ్చిన రోజు ముత్తయ్య ఇంటి అరుగు మీద చాప పరిచి, వాడలో వాళ్లనందరినీ కూర్చోబెట్టాడు. "ఇగ చెప్పు. ఏమేం జూసినవ్?"

అందరి ముఖాలూ అతడి వైపే. ముత్తయ్య అయితే తాగే చాయ కూడా పక్కన పెట్టాడు.

"ఏం జూడలే బావా" అన్నాడు సాంబయ్య. "పొద్దంత దుకాణంల కూసునుడు, రాత్రి పండుడు. బయటికి పోనియ్యలే."

తాను సుఖపడలేదని తెలిస్తే బావకు బాధ తగ్గుతుందనుకున్నాడు. ముత్తయ్య ముఖంలో మాత్రం దీపం తగ్గించినట్టయింది. "సముద్రమన్న జూసినవ్ గద?" అని అడిగాడు. "నీళ్లే బావా. ఎటు జూసినా నీళ్లే." వచ్చినవాళ్లు మెల్లగా లేచిపోయారు.

ముత్తయ్య మళ్లీ ఒకటి రెండుసార్లు అడిగాడు. కొండలున్నయా అని, అక్కడివాళ్లు ఏం తింటరు అని. సాంబయ్య అదే పాట పాడాడు. ఆ తర్వాత ఆయన అడగడం మానేశాడు. పక్కపక్కనే కూర్చొని నిప్పు ఊదుకునే ఇద్దరి నడుమ పట్టకారు చప్పుడు తప్ప మాట లేకుండా పోయింది.

చివరికి శంకరవ్వే పట్టుకుంది. బియ్యం చెరుగుతూ చాట కింద పెట్టి అడిగింది.

"ఎవనికి చెప్తున్నవ్ర అబద్ధం? నిన్ను చంకల మోసిన. ఆడ నువ్వు మస్తు జూసినవ్. నిద్రల నవ్వుతున్నవ్."

సాంబయ్య అక్క కాళ్ల దగ్గర కూర్చొని అంతా చెప్పేశాడు. జమ్మికుంట పెండ్లిరోజు నుంచి ముసలి కంసాలి దాకా. శంకరవ్వ తిట్టలేదు.

"పోవాల్సింది ఆయిన, పోయింది నువ్వు. సరె. ఇప్పుడు వినుడు గూడ లేకుంట జేస్తున్నవ్ గదర" అంది. "జూసింది నీ కడుపుల దాసుకుంటె ఆయినకు న్యాయమైతదా?"

ఆ మాటతో లేచాడు. ముత్తయ్య కుంపటి ముందు ఉన్నాడు. సాంబయ్య నిలబడే చెప్పాడు. "బావా, గా ఆఫీసరు గులాబ్‌దాని ఎవరు జేసిండ్రు అంటే నేను జేసిన అని చెప్పిన."

ముత్తయ్య ఊదుగొట్టం నోట్లోంచి తీశాడు. ఆయనకు నిజంగానే తెలియదు. పడుచువాడు కాబట్టి ఎంచారని ఇన్నాళ్లూ నమ్మాడు.

"నన్నడిగితె నేనే పంపుదును గదర" అన్నాడు. "నేనే నిన్ను పంపుదును. గా సంతోషం గూడ నాకు లేకుంట జేస్తివి."

కుంపటి మీద నీళ్లు చల్లి, భుజాన తువ్వాల వేసుకొని బయటికి నడిచాడు. చాలా రోజులు మాట్లాడలేదు. ఒకే కప్పు కింద తిని, ఒకే నిప్పు ఊది, ముఖం చూడకుండా మెదిలాడు. సాంబయ్య వేరే వాడలో గది చూసుకుంటానన్నాడు. శంకరవ్వ వినలేదు. "ఉండు. ఉండి అనుభవించు" అంది.

సంక్రాంతి దాటి, చలి తగ్గుతున్న ఒక పొద్దున ముత్తయ్య తీగ లాగుతూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"ఆడ కొండలున్నయా, లేవా?"

సాంబయ్య పట్టకారు కింద పెట్టాడు. "ఉన్నయి బావా. తాడు కట్టి బండిని పైకి గుంజుతరు."

"మనుషులు గుంజుతరా, మిషినా?"

"మిషినే."

"తాడు తెగితె?"

అక్కడ మొదలైంది. క్షమించాను అన్న మాట ముత్తయ్య నోట ఎప్పుడూ రాలేదు. అడగడం మాత్రం మళ్లీ ఆపలేదు. జలపాతం ఎంత ఎత్తు, చిలగడదుంప తొక్క తీసి ఇస్తారా, పూలబండి చక్రాలకు కూడా పూలు కట్టారా? సాంబయ్యకు గుర్తులేకపోతే ఒప్పుకునేవాడు కాదు, మళ్లీ తలచుకొమ్మనేవాడు. తలచుకుని తలచుకుని సాంబయ్య తాను చూసినప్పటికంటే ఆ ఊరిని ఇంకా బాగా చూశాడు.

తర్వాత సాంబయ్యకు బుచ్చవ్వతో పెండ్లయింది, పిల్లలు పుట్టారు. సంఘంలో పేరొచ్చింది. మళ్లీ ఎక్కడికైనా పంపుతామంటే ఒప్పుకోలేదు. గులాబ్‌దాని ఎవరైనా మెచ్చుకుంటే, అడగకముందే బావ పేరు చెప్పేవాడు. అలా చెప్పినా లోపలి ముల్లు కదిలేది కాదు. కోబేలో ఆ ముసలి కంసాలికి ఈ మాట ఇక ఎన్నటికీ చేరదు కదా అనుకునేవాడు.

పందొమ్మిది వందల అరవై ఎనిమిది నాటికి ముత్తయ్య చేతులు వణకడం మొదలై పని మానేశాడు. సాయంత్రాలు బస్టాండు దగ్గర చాయ హోటల్లో కూర్చునేవాడు. సాంబయ్య పని ముగించుకొని వచ్చేసరికి ఆయన చుట్టూ నలుగురు చేరి ఉండేవారు. కోబే కథ నడుస్తూ ఉండేది. మొదట్లో "మా సాంబడు జూసిండు" అని చెప్పేవాడు. రానురాను ఆ సాంబడు జారిపోయాడు. "బండి పైకి పోతుంటె మెడ వెనుకకు వంగుతదయ్యా" అంటూ తన మెడే వెనక్కి వంచి చూపేవాడు. సాంబయ్య పక్కన కూర్చొని చాయ తాగేవాడు.

ఒకరోజు పూలబండి ఘట్టం వచ్చింది. "బండి ముంగట పూలతోని చేసిన ఏనుగు" అన్నాడు ముత్తయ్య. "నిలువెత్తు ఏనుగు. తొండం గూడ ఊగుతది." ఏనుగు సంగతి సాంబయ్య ఎన్నడూ చెప్పింది కాదు.

వింటున్నవాళ్లలో ఒకడికి అనుమానం వచ్చింది. సాంబయ్య వైపు తిరిగి, "నువ్వు గద ఆడికి పోయింది? నిజమేనా గిది?" అని అడిగాడు.

ముత్తయ్య కూడా అతడి వైపు చూశాడు.

"నిజమే" అన్నాడు సాంబయ్య. "ఏనుగు ఉండె."