బాపు ఎక్కిన విమానం తోకకు ఏ రంగు?

మా చిన్నప్పుడు... కోరుట్లలో మా ఇంటి గూట్లో, దేవుడి పటాల పక్కన ఓ తెల్ల విమానం ఉండేది. జానెడు పొడవు. తోకకు రంగు లేదు, ఒంటి మీద ఒక్క అక్షరం లేదు.

మస్కట్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు మా నాన్న తెచ్చాడు దాన్ని. నాన్నను మేము బాపు అని పిలుస్తాం. విమానం అట్టపెట్టె దారిలో నలిగిపోతే బొంబాయిలోనే పారేసి, ప్లాస్టిక్ ముక్కలన్నీ తువ్వాలలో మూటగట్టి తెచ్చాడు. నేనూ బాపూ అరుగు మీద కూర్చుని రెక్కలు, చక్రాలు, తోక జిగురుతో అతికించాం. పెట్టె మీది బొమ్మ చూసి రంగులు వేద్దామంటే... ఆ పెట్టే లేదాయె.

"బాపూ, నువ్వు ఎక్కచ్చిన విమానం గిట్లనే ఉంటదా?"

"గిట్లనే బిడ్డా."

"మరి తోకకు ఏం రంగుంటది?"

బాపు తోకను వేలితో తడిమాడు. అప్పటికి ఎన్నోసార్లు వెళ్లి వచ్చిన మనిషి... "ఏమో బిడ్డా... సూడనే లే" అన్నాడు.

నాకు భలే వింతగా అనిపించింది. అంత పెద్ద విమానం ఎక్కి కూర్చున్న మనిషికి దాని రంగు తెలియకపోవడమేమిటి?

ఇంట్లో మిగతా వాళ్లం విమానాన్ని ఆకాశంలో చుక్కలా చూడటమే. బాపును సాగనంపేది కోరుట్ల బస్టాండులో, బొంబాయి బస్సు దాకానే. అందుకని గల్లీలో బాపు ఎక్కే కంపెనీ విమానంలోనే వెళ్లొచ్చిన వాళ్లను అడగడం మొదలుపెట్టాను. పక్కింటి రాజన్న మామ పచ్చరంగు అన్నాడు. చిలకపచ్చనా, ముదురు పచ్చనా అని గుచ్చి అడిగితే, కాసేపు ఆలోచించి ఎరుపేమో అన్నాడు...

గల్లీ చివర గంగారాం కాక ఉండేవాడు. దుబాయ్ మానేసి వచ్చి సైకిల్ దుకాణం పెట్టుకున్నాడు. నా ప్రశ్న విని పంక్చర్ వేస్తున్న చేతులు ఆపాడు.

"మా చిన్నోడు పుట్టి నెల గాలె గప్పుడు. మొఖం మీద తువ్వాల కప్పుకొని ఏడ్సుకుంట ఎక్కిన బిడ్డా. నాకు ముందటోని కాళ్లే కనవడ్డయి. గా చెప్పుల రంగడుగు, చెప్త."

ఇంటికొచ్చి అమ్మకు ఆ మాట చెప్పాను. అమ్మ బీడీలు చుడుతోంది. తల ఎత్తకుండానే, "మీ బాపు పోయే దినం దగ్గర వడ్డది. గా ముచ్చట మల్ల మల్ల తియ్యకు. ఏదో ఒక రంగేసుకో" అంది.

ఏదో ఒకటి ఎలా వేస్తాను? అసలుది తెలియాలి కదా...

బాపు మళ్లీ బయల్దేరిన రోజు బస్టాండులో చేయి పట్టుకుని అడిగాను. "బాపూ, గీసారన్న సూసి చెప్తవా? తోక మీద ఏం రాసున్నదో గది గూడ." బాపు నా తల నిమిరి బస్సెక్కాడు.

శుక్రవారం బాపుకు సెలవు. ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసేవాడు. ఎప్పుడూ మేము అడిగినదానికి ఒక్కో మాటే చెప్పేవాడు... ఆ శుక్రవారం మాత్రం నేను హలో అనకముందే గట్టిగా, "బిడ్డా, సూసిన!" అన్నాడు.

"తోక నెమలి మెడ రంగు. కిటికీల కింద సన్నటి గీత, తంగేడు పువ్వసొంటి పసుపు. తోక కాడ మీదికి లేస్తది."

"అక్షరాలో?"

"ఇంగ్లీషు నాకేడ అస్తది? యాది వెట్టుకున్న, రాసుకో. మొదలు నిచ్చెన. దాని పక్కకు గాలం. ఆఖరుకు దువ్వెన."

నిచ్చెన అంటే ఏ... గాలం అంటే జె... దువ్వెన అంటే ఈ! అరచేతి మీద రాసుకున్నాను.

తర్వాత ఫోన్ అమ్మ తీసుకుంది. చాలాసేపు విని పెట్టేసింది. ఇంటికి నడుస్తుంటే దారిలో చెప్పింది. "మీ బాపు గీసారి ఏడ్వలేదట బిడ్డా. నీ రంగు ఏడ మర్సిపోతనో అని తలకాయె పైకెత్తి సూసుకుంటనే మెట్లెక్కిండట." నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఇక నెమలి మెడ అంటే నీలమా, పచ్చనా... సిరిసిల్లలో మా మేనత్త ఇంట్లో మరమగ్గాలుండేవి. సెలవుల్లో వెళ్లినప్పుడు ఆమె దారపు కండెలన్నీ ముందేసింది. వెలుగుకు పెట్టి చూసి చూసి, ఒక పోగు తెంపుకొచ్చాను. దుకాణాల బోర్డులు రాసే ఆయన దగ్గర డబ్బాల అడుగున మిగిలిన రంగులు తెచ్చుకుని, ఆ పోగుకు సరిపోయేదాకా కలిపాను.

మరుసటి సెలవుకు వచ్చినప్పుడు బాపు విమానాన్ని చేతిలో తిప్పి తిప్పి చూశాడు. "గీత ఇంకింత సన్నగుండాలె" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా తన విమానం సంగతే కాదు... బొంబాయిలో ఆగి ఉన్న విమానాలన్నింటి రంగులూ ఫోన్లో చెప్పేవాడు.

బాపు ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంటున్నాడు. నేను ఇప్పటికీ మోడల్ విమానాలు కడుతుంటాను. ఈమధ్య ఆ కాలం నాటి ఫోటో ఒకటి దొరికితే చూపించాను. గీత తంగేడు పసుపు కాదు, కాస్త నారింజ. బాపు కళ్లజోడు సవరించుకుని, "పొద్దుగాల ఎండ వడుతుండె. గప్పుడు గట్లనే ఉండె" అన్నాడు. నేను గీత రంగు మార్చలేదు.

ఇప్పుడు ఫోన్‌లో వెతికితే ఏ విమానానికి ఏ రంగో క్షణంలో తెలుస్తుంది, రంగు డబ్బా నంబరుతో సహా. కానీ ఆ ఒక్క రంగు కోసం గల్లీ అంతా తిరిగి, మనుషుల ముందు కూర్చుని, వాళ్లు చెప్పేది వినే పనే లేకుండా పోయింది...

మీ ఇళ్లల్లో గల్ఫ్ వెళ్లొచ్చిన వాళ్లుంటే ఒకసారి అడగండి... మొదటిసారి పోయినప్పుడు దారిలో ఏం చూశారని. వాళ్లేం చెప్పారో ఇక్కడ రాయండి. నాకు వినాలని ఉంది...