పొడి గుడ్డ తగలని కారు

మా మేనమామ పోయాడని తెల్లవారుతుండగా ఫోన్ వచ్చింది. చేసింది ఆయన కొడుకు, మా బావ. "బాపు పోయిండు. నిద్రల్నే పోయిండు" అని ఏడ్చాడు. అంతలోనే గొంతు తగ్గించి, "మంది అస్తున్నరు. కారు మీద చేతులేసి నిలబడుతున్నరు. ఏం జెయ్యాలె?" అని అడిగాడు. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. మామ ఉంటే ఏం చేసేవాడో మా ఇద్దరికీ తెలుసు. ఒక్కొక్కరి దగ్గరకూ పోయి చెయ్యి తీయించేవాడు.

నాందేడ్ బజారులో మామది బట్టల దుకాణం. బతుకంతా స్కూటర్ మీద తిరిగి, పెద్దవయసులో కారు కొన్నాడు. దుమ్ము కనబడుతుందని ఎందరు చెప్పినా వినకుండా నల్లదే కొన్నాడు. మెరుపు పోకుండా దానికి సిరామిక్ కోటింగ్ అని ఒక పూత వేయిస్తారని ఎవరో చెవిన వేశారు. ఇక ఆయనకు కంటి మీద కునుకు లేదు.

ఆ పూత వేసే దుకాణాలకు నన్ను కూడా వెంటబెట్టుకుని తిరిగాడు. బట్టల దుకాణంలో చీరలన్నీ పరిపించి ఏదీ కొనకుండా లేచి వెళ్లిపోయేవాళ్లను మీరూ చూసి ఉంటారు. వాళ్లను ఇన్నేళ్లుగా గద్దె మీద కూర్చుని తిట్టుకున్న మనిషి, అక్కడ అచ్చం వాళ్లలాగే తయారయ్యాడు. "ఇంకోటి చూపెట్టు", "దీన్ల వేరే రకం లేదా" అంటూ చాయ్ తాగడం, లేచి రావడం. ఒకతను తాళంచెవితో గీసినా గీత పడదన్నాడు. ఇంకొకతను ఇక జన్మలో కారు కడగనక్కర్లేదన్నాడు. మూడో అతను మాత్రం, "కాకా, గీతలు పడతయ్, దుమ్మూ పడతది. కడుగుడు సులువైతది, ఎండకు రంగు జల్ది పోదు. గంతే. సరిగ్గ కడగకపోతే ఎంత మంచి పూతైనా ఖరాబైతది" అన్నాడు. మామ అక్కడికక్కడే ఒప్పేసుకున్నాడు.

బయటికొచ్చాక నాతో అన్నాడు: "రంగు పోనే పోదు అన్నోని తాన నేను ఒక్క బట్ట తాను గూడ కొనలే బిడ్డా. ఎట్ల ఉతకాల్నో చెప్పినోడే అసలు వ్యాపారి."

పూత గట్టిపడేదాకా ఒక వారం నీళ్లు గానీ పసుపుకుంకాలు గానీ తగలకూడదని ఆ దుకాణదారు చెప్పి పంపాడు. అక్కడ మా అత్తకు మండింది. కొత్త బండికి బానెట్ మీద కుంకుమతో స్వస్తిక్ వేయకుండా తాను కాలు పెట్టనంది. మామ బతిమాలాడు.

"పోనీ, నంబర్ ప్లేటుకు పెట్టు."

"మనిషికి బొట్టు నొసట పెడతరా, నోట్ల పండ్లకు పెడతరా?"

ఆ వారమంతా అత్త ఆటోలోనే తిరిగింది. మామ ఆ ఆటో వెనకాలే నల్లగా నిగనిగలాడే కారులో ఒక్కడే మెల్లగా నడుపుకుంటూ పోయేవాడు. కూరగాయల మార్కెట్ దగ్గర చూసిన చుట్టాలు, "మీ మామకు ఏమైంది?" అని నాకు ఫోన్లు చేశారు. వారం నిండాక పూజ జరిగింది. హారతి పూర్తికాకుండానే ఆయన తడిగుడ్డ పట్టుకుని సిద్ధమయ్యాడు. అత్త కళ్లెర్రజేస్తే గుడ్డను వీపు వెనక దాచుకున్నాడు.

ఆదివారం వస్తే ఎండెక్కకముందే రెండు బకెట్లు బయటికొచ్చేవి. ఒకటి షాంపూ నీళ్లకు, రెండోది మట్టి అంటిన గుడ్డను జాడించుకోవడానికి. బోరు నీళ్లకు తెల్లమచ్చలు పడతాయని ఆఖరున ఫిల్టర్ నీళ్లు పోసేవాడు. మెత్తటి తువ్వాలును ఒత్తి ఎత్తేవాడే గానీ రుద్దేవాడు కాదు. పొడి గుడ్డతో దుమ్ము దులపడం ఆయన లెక్కలో హత్య. "మాకు నల్లా నీళ్లు, దానికి ఫిల్టర్ నీళ్లు! గీ సేవ నాకు చేస్తే నేను గూడ గిట్లనే మెరుస్తుంటి" అని అత్త వీధంతా వినబడేట్టు అనేది. పండగకని నేను పట్టుచీర కట్టుకుని వెళ్తే ఆయన మొదటి పలకరింపు, "జర దూరం నిలబడు బిడ్డా, జరీ గీకుతది" అని. నాకు ఒళ్లు మండేది.

అలాంటి మనిషి ఒక వానాకాలం చేసిన పని చెప్పాలి. నేను ఇస్లాపూర్ దగ్గర ఒక పల్లెలో టీచర్ని. మా నాన్నకు గుండెనొప్పి వచ్చిందని, నాందేడ్ ఆస్పత్రిలో చేర్చారని కబురు వచ్చేసరికి వానలకు బస్సులు బంద్. నేను అడగకముందే మామ నాందేడ్ నుంచి బయల్దేరాడు. బడి ముందు వచ్చి ఆగిన కారు ఏ రంగుదో కూడా తెలియలేదు, అంత బురద. ఏడుస్తూనే నేను నా చెప్పులకు అంటిన మట్టి చూసుకుని తలుపు దగ్గర ఆగిపోయాను. "ఎక్కు బిడ్డా. మట్టిదేముంది, కడుగుతే పోతది" అన్నాడు. దారి పొడుగునా కారు ఊసే ఎత్తలేదు. నాన్న బతికాడు. ఆ రోజు ఆయన మీద పుట్టిన ప్రేమ నాకు ఈనాటికీ తగ్గలేదు.

పదో రోజు గోదావరి ఒడ్డున పిండం పెట్టారు. దాన్ని కాకి ముట్టాలి. ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిపోయిందని మా నమ్మకం. అదేమిటో ఇంట్లోవాళ్లే ఊహించి, తీరుస్తామని మాట ఇవ్వాలి. కాకి ఒకటి వచ్చి ఒడ్డున ఉన్న గోడ మీద కూర్చుంది గానీ కిందికి దిగలేదు. బావ చేతులు జోడించి, "దుకాణం మంచిగ నడుపుత బాపూ" అన్నాడు. కాకి కదల్లేదు. "అమ్మను మంచిగ చూసుకుంట" అన్నాడు. కాకి అటు తిరిగి కూర్చుంది. అప్పుడు అత్త మొహం చూడాలి.

ఎండ ముదిరింది. కర్మ చేయిస్తున్న గురూజీ, దర్భలతో కాకి బొమ్మను చేసి ముట్టిద్దామన్నాడు. మామ తృప్తి లేకుండానే వెళ్లిపోతున్నాడా అని నాకు దిగులేసింది.

అత్త లేచింది. "ఆగుండ్రి. ఈయన సంగతి నాకెర్క." గోడ వైపు తిరిగి గట్టిగా చెప్పింది: "ఇగ ఇను. నీ కారును వాషింగ్ సెంటర్ల ఇయ్యం. పొడి గుడ్డ తగలనియ్యం. పూత మళ్ల ఎయ్యాల్సొస్తే ఆ దుకాణపాయన తాన్నే ఏపిస్త. రెండు బకెట్లు పెట్టుకొని నేనే కడుగుత. సరేనా? ఇగ అచ్చి తిను."

కాకి వచ్చింది. పిండం మీద వాలి తిన్నది. మేమంతా ఏడుస్తూనే పడీపడీ నవ్వాం. గురూజీ కూడా నవ్వాడు. అది కడుపునిండా తిని ఎగిరి, ఒడ్డున ఆపిన కారు బానెట్ మీద వాలి, అక్కడ రెట్ట వేసి చక్కా పోయింది.

బావ జేబురుమాలు తీసి అటు ఉరికాడు. "ముట్టకు!" అని అరిచింది అత్త. రెట్టను అలాగే వదిలేస్తే పూతను తినేస్తుంది, రుద్దితే గీతలు పడతాయి. ఆమె కారులోంచి మెత్తటి గుడ్డ తెచ్చి, తాగే నీళ్లతో తడిపి, దాని మీద పరిచింది. రుద్దలేదు. కళ్లనిండా నీళ్లతో, ఆ తడిగుడ్డ మీద అరచెయ్యి ఆనించి, కింద అది మెత్తబడేదాకా అలాగే నిలబడింది.