అమ్మ నడకకు ఇంగ్లీషులో ఏమంటారు

ఇంట్లో మంచం మీంచి వంటగదికి పోవాలంటే గోడ పట్టుకునే మా అమ్మ, మదనపల్లె ఆసుపత్రిలో ఫిజియోథెరపీ అమ్మాయి "నడవండి" అనగానే వాకర్ పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, తల ఎత్తి పెళ్ళివారింటికి పోయినట్టు పోయింది.

"బాగుంది. ఇంట్లోనూ ఇలాగే నడిస్తే వాకర్ మానేయొచ్చు," అంది ఆ అమ్మాయి నాతో ఇంగ్లీషులో. ఆమెది కేరళ, తెలుగు అంతంత మాత్రం. "వచ్చే వారం వరకు గమనించి, ఎలా నడుస్తారో చెప్పండి."

తుంటి ఆపరేషన్ అయిన మనిషి. మళ్ళీ పడితే లేపడం కష్టమని సర్జన్ ముందే చెప్పాడు. అయినా అమ్మకు వాకర్ వదలాలని ఒకటే తొందర. ఎందుకంటే, నెల మొదటి ఆదివారం మా పుంగనూరు చర్చిలో ప్రభువు బల్ల. అందరూ లేచి ముందుకు నడిచి వెళ్ళి, మోకరించి రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటారు. నడవలేని వాళ్ళకు పాస్టరు అయ్యగారే కూర్చున్న చోటికి తెచ్చిస్తారు. పోయిన నెల అమ్మకు అట్లాగే తెచ్చిచ్చారు. తీసుకుంది గానీ, ఇంటికొచ్చాక వచ్చే నెల నడిచే పోతానంది.

నేను డిగ్రీలో ఇంగ్లీషు లిటరేచర్ చదివినదాన్ని. ఆ అమ్మాయికి లింప్ అని ఒక్క మాట చెప్పి ఊరుకోవచ్చు. కానీ అమ్మ కుంటడం లేదు. హాబుల్ అందామంటే అదీ కుంటి నడకే. స్టాగర్ అంటే తూలడం, అది బ్రాందీ షాపు ముందర చూసుకోవచ్చు. టాటర్ అంటే ఇప్పుడిప్పుడే అడుగులేసే పసిబిడ్డది. ఆ వారమంతా నాకు ఇదే పిచ్చి పట్టింది. బస్టాండులో నిలబడితే చాలు, దిగినవాళ్ళందరికీ మాటలు తగిలించేదాన్ని. తెల్లచొక్కా వేసుకుని చేతులు ఊపుకుంటూ పోయే వార్డు లీడరుది స్వాగర్. టమోటాకు ధర పలకక, ఖాళీ బుట్టలతో సోమల బస్సు కోసం కాళ్ళీడ్చుకుంటూ వచ్చే రైతుది ట్రడ్జ్. ఇంగ్లీషువాడికి మనుషుల నడకల మీద ఇంత కన్నెందుకో.

"ఏం మే, గోడకానుకోని నా కాళ్ళకల్లే సూస్తాండావు?" అంది అమ్మ ఒకరోజు.

"నీ నడకకు ఇంగ్లీషు మాట వెతకతాండా."

"నీ నడకకేమంటారో అది చెప్పు ముందు."

"వాడిల్. బాతు నడక."

"ఇంగ్లీషోళ్ళు తెలివైనోళ్ళే," అని, వెంటనే కుప్పంలో ఉన్న మా చెల్లెలికి ఫోన్ చేసి ఆ మాట చెప్పి నవ్వింది. చెల్లెలు స్పీకర్లో, "అమ్మ బాగనే నడస్తాంది గదక్కా, యాల పీక్కుతింటావు?" అంది. ఆమె అమ్మను చూసేదంతా వీడియో కాల్‌లో, కూర్చున్నప్పుడే.

చివరికి మాట దొరికింది. షఫుల్. పాదం లేపకుండా నేల మీద రాసుకుంటూ పోవడం.

మళ్ళీ ఆసుపత్రికి పోయినప్పుడు ఆ మాటే చెప్పాను. అర్థమేమిటని అమ్మ అడిగితే అదీ చెప్పాను.

"అబద్ధం," అంది అమ్మ. లేచి మళ్ళీ ఠీవిగా నడిచి చూపించింది. ఫిజియోథెరపీ అమ్మాయి నా వైపు అనుమానంగా చూసింది. తల్లి మీద చాడీలు చెప్పే కూతురు అనుకుని ఉంటుంది. నాకు ఒళ్ళు మండింది.

"అది నలుగురిలో నడక. ఇంటి నడక వేరే ఉంది," అన్నాను.

ఆ అమ్మాయి ఏవో కాగితాలు తిరగేస్తూ కూర్చుంది. కాసేపటికి అమ్మకు దాహమైంది. నీళ్ళ సీసా కిటికీ దగ్గర ఉంది. నేను లేచేలోపే తనే గోడ పట్టుకుని బయలుదేరింది. సర్రు, సర్రు. చెప్పు చప్పుడు గదంతా వినబడింది. అమ్మకూ వినబడినట్టుంది, సగం దారిలో నిలిచిపోయింది.

"ఇదేనా నువ్వు చెప్పిన మాట?"

"ఇదే మా."

వాకర్ ఇంకొన్నాళ్ళు ఉండాలన్నారు. బస్సులో అమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. పుంగనూరు దగ్గరపడ్డాక అడిగింది. "వాకర్ పట్టుకోని ముందరికి పోతే అయ్యగారు వద్దంటాడా?"

"నాకేం తెలుసు. పోయి సూడు."

ఆదివారం చర్చిలో వరస కదిలినప్పుడు అమ్మ లేచి వాకర్ ముందుకు జరిపింది. వెనకవాళ్ళు ఆగారు. దాటిపోవడానికి ఎవరూ తొందరపడలేదు. మోకరించలేక నిలబడే తీసుకుంది. అయ్యగారు అందరికీ ఇచ్చినట్టే ఇచ్చారు.

బయటికొచ్చాక చెప్పుల దగ్గర నన్ను నిలేసింది. "పోయిన నెల యాల నా తావుకే తెచ్చిచ్చినారు మే?"

"నువ్వు లేస్తే గదా."

"లేయమని నువ్వన్నా చెప్పొద్దా?" అంది.  వంగి ఆమె కాళ్ళకు చెప్పులు తొడిగాను.