గట్టు లేని మడి

కాలువలకు నీళ్ళు వదిలిన వారంలో మా మేనత్త కన్నుమూసింది. ఆ కబురు చెప్పడానికి ఆమె మరిది, మేం నడిపి మామయ్య అని పిలిచే ఆయన, రేపల్లె నుంచి బాపట్లలో మా ఇంటి దాకా స్వయంగా వచ్చారు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "వదిన ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయిందమ్మా. నిద్రలోనే," అన్నారు. మంచినీళ్ళు తాగారు. గ్లాసు కింద పెట్టి, "ఇక ఆ చేనుకు పెద్దదిక్కు నేనే," అన్నారు. గొప్పగా అనలేదు. భయపడుతూ అన్నారు.

ఆ భయం అర్థం కావాలంటే చేను సంగతి చెప్పాలి.

మా తాతయ్య తెనాలిలో బడిపంతులు. ఆయన కూతురు అత్తయ్య. మెట్టిన ఇల్లు మాత్రం ఐర్లాండు నుంచి వచ్చిన ఒక దొరది. ఆ దొర కాలువ లాకుల మీద ఉద్యోగానికి వచ్చి, ఇక్కడి అమ్మాయినే పెళ్ళాడి, రేపల్లె దగ్గర అయిదెకరాలు కొని ఉండిపోయాడు. ఆయన ఇంటిపేరు నోరు తిరగక, ఊరివాళ్ళు 'లాకుదొర గారిల్లు' అనేవారు. మూడో తరం వచ్చేసరికి వాళ్ళూ మాలాగే అయ్యారు. నడిపి మామయ్యకు మాత్రం పిల్లికళ్ళు మిగిలాయి.

దొర ఆ నేలనంతా మట్టం చేయించి ఒకే మడి చేశాడట. కాలువ వైపు నుంచి మురుగుకాలువ వైపుకు కంటికి తెలియనంత వాలు. మధ్యలో గట్టు లేదు, వేయకూడదు. చేను పెద్దవాడి చేతికింద ఉండాలి, పంట మాత్రం అందరికీ సమంగా రావాలి. వాళ్ళ దేశంలో అన్నదమ్ములు నేలను పంచుకుంటూ పోయి, చివరికి బంగాళాదుంపలు తప్ప మరేదీ పండించడానికి చాలనంత చిన్న ముక్కలు చేసుకున్నారు. ఆ దుంపలకు తెగులొచ్చి కుళ్ళిపోతే ఊళ్ళకు ఊళ్ళు ఆకలితో పోయాయి. అది మరిచిపోకూడదని ఆ ఇంట్లో ఒక ఆచారం పెట్టాడు. వరికోతలకు ముందు రోజు మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ ఉడికించిన బంగాళాదుంపలు, ఉప్పు, మజ్జిగతోనే గడపాలి. అన్నం ఉండదు.

కొత్తకోడలిగా ఆ విస్తరి ముందు కూర్చుని, "అన్నం ఎప్పుడు వడ్డిస్తారండీ?" అని అత్తగారిని అడిగానని అత్తయ్య నవ్వుతూ చెప్పేది. ఆ తర్వాత ఆ దుంపలు ఉడికించే పని జీవితాంతం ఆమెదే అయింది. నడిపి మామయ్య మాత్రం ఏటా ఒకటే హాస్యం. "దొరగారు తన ఆకలి తాను తీర్చుకోలేక మనకి పంచిపెట్టి పోయాడు వదినా!"

ఆ ఇంటి పాత సొత్తు దేన్నీ ఆమె పట్టుకు వేలాడలేదు. వెండి చెంచాలు చిన్న మరిది చదువుకు వెళ్ళాయి. గోడగడియారం కూడా ఎటో వెళ్ళింది. "అమ్మేవి అమ్ముకోవచ్చు. చేను అలాంటిది కాదు," అనేది. పిల్లలు లేరు. తెల్లచీర, చేతిలో బైబిలు, గుడిలో చివరి బల్ల. చక్కెర విషయంలో కొంచెం పిసినారి.

1960ల్లో అత్తయ్య భర్త, మా పెద్ద మామయ్య, పోయాడు. చేను ఆమె చేతికి వచ్చింది. ఏడాది తిరక్కుండా నడిపి మామయ్య వసారాలో నిలబడి అడిగేశారు. ఆ రోజు సెలవులకు వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను.

"ఊళ్ళో ఎవరి ముక్క వాళ్ళకుంది. మనకే ఏంటి వదినా ఈ వింత? నా భాగం నాకు కావాలి."

అత్తయ్య చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. "ఎటు వైపు కావాలి అబ్బాయ్?"

"కాలువ వైపు."

"సరే. గట్టు మాత్రం నువ్వే వెయ్యాలి. కూలీలను పెట్టకు."

ఆయన వేశారు. నాట్లు కూడా ముందు ఆయనవే అయ్యాయి. తొలి తడి ఆయనకే అందుతుంది కదా. ఊళ్ళోవాళ్ళు తెలివైనవాడన్నారు. తర్వాత నేను మళ్ళీ వెళ్ళినప్పుడు వానలు పట్టుకున్నాయి. నీళ్ళు మురుగు వైపు పోవాలి, దారిలో ఆయన వేసిన గట్టే ఉంది. లేత పైరు మునిగింది. మురుగు వైపున్న మిగతా చేను మునగలేదు.

"వెళ్ళి గట్టు కోయించు అత్తయ్యా, పైరు కుళ్ళిపోతుంది," అన్నాను.

"అడక్కుండా కోస్తే అది ఇంకో గట్టవుతుంది," అంది. ప్రార్థనకు కూర్చుంది. ఆమె మొండితనం చూసి నాకు కోపం వచ్చిన మాట నిజం.

మర్నాడు ఆయన వానలో తడుస్తూ వచ్చారు. గడప లోపలికి రాలేదు.

"వదినా, నీళ్ళు మీ వైపు వదలనా?"

"నా వైపేంటి అబ్బాయ్, పల్లం వైపు వదులు. ముందు తల తుడుచుకో." తువ్వాలు ఇచ్చింది.

గట్టు కోశారు. మళ్ళీ పూడ్చలేదు. ఆయన వైపు పంట సగం పోయింది. అయినా కుప్ప ఒకటే వేయించింది, తనకూ ఇద్దరు మరుదులకూ మూడు భాగాలూ సమంగానే కొలిపించింది. ఆ ఏడు దుంపల భోజనంలో నడిపి మామయ్య హాస్యమాడలేదు. ఇంకో దుంప అడిగి వేయించుకున్నారు.

కోతలయ్యాక ఆ గట్టును చదును చేసి మట్టి పరిచిన చోట తర్వాతి ఏళ్ళలో పైరు నల్లగా, ఒక చారలా ఎదిగేది. 'నాన్న చార' అని ఆయన పిల్లలు నవ్వేవారు. "నవ్వకండి. చేలో అక్కడే బాగా పండుతోంది," అనేది అత్తయ్య. ఆ మాట చెవిన పడి నడిపి మామయ్య తల దించుకోవడం నేను చూశాను.

మా ఇంట్లో ఆడపిల్లల్లో నేనే పెద్దదాన్ని. పెద్దరికం అంటే ఎక్కువ మాట్లాడటం కాదని ఆ వసారాలోనే నేర్చుకున్నాను. అందుకు దేవునికి స్తోత్రం.

నాట్లయ్యాక తెనాలిలో రైలు మారి రేపల్లె వెళ్ళాను. సమాధి దగ్గర ప్రార్థన చేసుకుని చేను వైపు నడిచాం, నేనూ నడిపి మామయ్యా.

"మా పెద్దాడు కొలతాడు తెచ్చాడమ్మా, పంచుదామని," అన్నారు.

"మీరేమన్నారు?"

"సరే, గట్టు మాత్రం నువ్వే వెయ్యాలన్నాను. నేను వేసినప్పుడు ఏమైందో వాడికి తెలుసుగా. తాడు తీసుకెళ్ళి చూరులో పెట్టాడు."

"పారేయలేదా?"

"లేదు. చూరులోనే ఉంది."

చేను చుట్టూ ఉన్న గట్టు మీద నిలబడ్డాం. కొత్త నాట్ల మధ్య నీళ్ళు కదలకుండా ఉన్నాయి. కాలువ వైపు ఒక కొంగ దిగింది. తాపీగా నడుచుకుంటూ, అక్కడక్కడ ఆగుతూ, మురుగు వైపు దాకా నీళ్ళలోనే వెళ్ళింది. ఎక్కడా గట్టెక్కాల్సిన పని పడలేదు.