ఆమె చేత అనిపించిన మాట

తువ్వాలు కొనడానికి వచ్చినవాడికి పట్టుచీర అంటగట్టి పంపే వంశం మాది. రాబర్ట్‌సన్‌పేటలో మా నాయన బట్టల అంగడిలో నేర్చిన విద్యను కోలారు కోర్టుకు ఎక్కించడం నా జీవితంలో అన్నిటికన్నా చెడ్డ నిర్ణయం. అంత చెడ్డ నిర్ణయాన్ని అంత బాగా అమలు చేసినవాడు ఈ జిల్లాలో ఇంకొకడు లేడని ఇప్పటికీ ఛాతీ విరుచుకునే చెబుతాను. మొన్న కుర్ర వకీళ్ళు ఇద్దరు ఇంటికొచ్చి, సాక్షిని మాటలతో మన దారికి తెచ్చుకోవడం ఎలాగో నేర్పమన్నారు. కాఫీ ఇచ్చి పంపేశాను. వాళ్ళు మెట్లు దిగుతుండగానే ఆమె గుర్తొచ్చింది.

కోలారు బంగారు గనులు సర్కారు చేతికి వచ్చి చాలా ఏళ్ళయిన కాలం. నా కక్షిదారు గనిలో మేస్త్రీ. డ్యూటీలు వేసే విషయంలో తన కింద పనిచేసేవాడితో తగాదాపడి, బంగారం తీశాక మిగిలిన ఇసక పోసే సైనైడ్ దిబ్బ అంచు నుంచి అతన్ని తోసి చంపాడని కేసు. చూసింది ఒక్కరే: చనిపోయినవాడి అక్క, కార్మికుల లైన్ ఇళ్ళ దగ్గర ఇడ్లీలు అమ్మే మనిషి. మేస్త్రీ నా ఎదుట కూర్చుని తల వంచుకునే ఒప్పుకున్నాడు: "తోసింది నేనే సార్. ఇంగ మీ ఇష్టం."

మా నాయన ఎవరినీ 'కావాలా, వద్దా' అని అడిగి ఎరగడు. ఎండ మండిపోతోంది కదా అనేవాడు, ఈ ఏడు పెళ్ళిళ్ళు జాస్తి కదా అనేవాడు. నాలుగుసార్లు ఔనని ఊగిన తల ఐదోసారి అడ్డంగా ఊగడానికి బద్ధకిస్తుందని ఆయన నమ్మకం. అప్పుడు రెండు చీరలు పరిచి, ఇదా అదా అని అడిగి, నోరు మూసుకునేవాడు. ఎంత గట్టి మేనత్తలైనా ఆ మౌనానికి తట్టుకోలేకపోయేవారు.

కోర్టు కన్నడంలో నడుస్తున్నా ఆమెతో నేను ఆమె తెలుగులోనే మొదలుపెట్టాను.

"గాలి గట్టిగా కొడతా ఉండె కదమ్మా?"

"ఔనప్పా."

"దుమ్ము లేస్తా ఉండె. కొంగు మొగానికి అడ్డం పెట్టుకుంటివి."

"పెట్టుకుంటి."

"నీ తమ్ముని కాళ్ళకింద ఇసక జారతా ఉండె."

"ఆడ ఎప్పుడూ జారతాదప్పా."

గొంతు తగ్గించాను. "మేస్త్రీ చెయ్యి చాపినాడు. తోసేదానికా అమ్మా, పట్టుకునేదానికా?"

ఆపైన మా నాయనలాగే నోరు మూసుకున్నాను. ఆమె తన కుడిచేతిని ముందుకు చాపి, వేళ్ళు తెరిచి, మూసి, దాన్నే చూస్తూ నిలబడింది.

"పట్టుకునేదానికేమో," అంది.

సర్కారు వకీలు లేచి మళ్ళీ మళ్ళీ అడిగాడు. అడిగినకొద్దీ ఆ 'ఏమో' కూడా రాలిపోయింది.

నిర్దోషి అని తీర్పు వచ్చిన రోజు వరండాలో ఆమె మేస్త్రీ చేతులు తీసుకుని కళ్ళకద్దుకుంది. "నా తమ్ముని కాపాడేకి చూసిన చేతులప్పా ఇవి! నేనే పాపిష్టిదాన్ని, నిన్ను జైల్లో పెట్టిస్తిని." ఆమె వెళ్ళేదాకా వాడు తల ఎత్తలేదు. తరువాత నా దగ్గరకొచ్చి, "మీరు అడిగినాక నాకూ అట్లే గుర్తొస్తా ఉండాది సార్," అన్నాడు. అబద్ధమాడుతున్న మొహం కాదది.

మరుసటి ఏడు ఆమె తన ఒక్కగానొక్క కొడుకును అదే మేస్త్రీ కింద పనికి పంపింది. వద్దనబోతే నామీదే గదమాయించింది: "ఏం సార్, తమ్ముని కోసరం చెయ్యి చాపినోడు నా కొడుకును విడుస్తాడా?" ఆ కుర్రాడు గనిలోకి దిగిన ప్రతి షిఫ్టులోనూ సైరన్ వినిపిస్తే నా చేతిలో ముద్ద ఆగిపోయేది. వాడికేమీ కాలేదు. ఆ భయం మాత్రం గనులు మూసేదాకా నన్ను వదల్లేదు.

మేస్త్రీ పోయి చాలా కాలమైంది. ఆమెను చివరిసారి చూసినప్పుడు మనవలకు ఆ కథే చెబుతోంది. మేస్త్రీ వేళ్ళు తమ్ముడి చొక్కా అంచుకు తగిలాయట, గుండీ ఒకటి తెగి వాడి చేతిలో మిగిలిందట. చొక్కా సంగతి నేను అడగనే లేదు.

ఇక బిల్లు. నాకు పేరు దక్కింది, మేస్త్రీకి నిద్ర దక్కింది. ఆమె తన కళ్ళతో చూసినది పోగొట్టుకుంది, పోయిందని కూడా ఎరగదు. మేస్త్రీ తోసిన సంగతి ఇప్పుడు నా ఒక్కడికే గుర్తుంది, చూసినవాణ్ణి నేను కాకపోయినా. నేనూ పోయిన మరునాడు అది ఎన్నడూ జరగనట్టే.