అంతరిక్ష నౌకలో మేస్త్రి

ఇంగ్లీషు సినిమా చూడాలంటే ఇంగ్లీషు రావాలని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా అమ్మ కోయంబత్తూరులో ఒక స్పిన్నింగ్ మిల్లులో పనిచేసేది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా మిల్లు సెలవు రోజున పోస్టరు మీద రాకెట్టో తుపాకీయో కనిపించిందంటే చాలు, వంట తొందరగా ముగించి, తోటి పనివాళ్ళను వెంటేసుకుని నన్ను మ్యాట్నీకి లాక్కెళ్ళేది.

ఒకసారి తెర మీద అంతరిక్ష నౌక ఇంజను గదిలో ఇద్దరు ఖైదీలు తాళం పగలగొడుతున్నారు. చెవులు చిల్లులు పడే మోత. ఉన్నట్టుండి వాళ్ళలో ఒకడు పెదవుల మీద వేలు పెట్టాడు. అమ్మ నన్ను మోచేత్తో పొడిచింది.

"చూడు కణ్ణు, మేస్త్రి వస్తుండాడు."

మిల్లులో యంత్రాల మోతకు మాట వినిపించదు. అందుకని అక్కడి ఆడవాళ్ళు సైగలతోనే మాట్లాడుకునేవాళ్ళు. పెదవి మీద వేలు పెడితే మీసం, మీసమంటే వాళ్ళ మీద అజమాయిషీ చేసే మేస్త్రి.

మరుక్షణం తలుపు తెరుచుకుని, ఇనుప ముసుగు వేసుకున్న కాపలా నాయకుడు లోపలికొచ్చాడు. మా వరుసలో ఉన్న మిల్లు ఆడవాళ్ళంతా పడీ పడీ నవ్వుతూ చప్పట్లు కొట్టారు.

ఇంటికి నడిచి వస్తుంటే నా బడి తెలివి ఊరుకోలేదు. అది మేస్త్రి సైగ కాదని, నోరు మూసుకోమని చెప్పడమని అమ్మకు వివరించాను. అమ్మ నడక ఆపకుండానే నవ్వింది.

"అంత సద్దులో నోరు మూస్తే ఏమి, అరిస్తే ఏమి కణ్ణు? మేస్త్రి వచ్చినాడా లేదా, అది చెప్పు."