రుచి చూడని మామిడి ఐసు

జగన్నాథం చేసే మామిడి ఐసు ఎలా ఉంటుందో రాయపూర్ వైపు రైల్వే పేట తార్‌బహార్‌లో ఎవర్నడిగినా చెబుతారు. జగన్నాథాన్ని మాత్రం అడక్కండి, ఆయనకి తెలీదు. పదకొండేళ్ళుగా ప్రతి వేసవికీ డబ్బాలకి డబ్బాలు చేసి వీధంతా పంచిపెట్టిన మనిషి, ఒక్కనాడూ ఒక్క చెంచా నోట్లో వేసుకోలేదు.

మామిడిపండు కాశీలో వదిలేశాడు మరి. భార్య అసిరమ్మ అస్థికలు గంగలో కలిపిన రోజున పంతులుగారు ఇష్టమైన పండొకటీ కూరొకటీ వదలమన్నారు. ఇలాంటి చోట జనం మహా తెలివిగా ఉంటారు లెండి. కాకరకాయ వదిలి వచ్చేవాళ్ళెంతమంది లేరు! జన్మలో కొనని పండు పేరు చెప్పి చేతులు దులుపుకునేవాళ్ళెంతమంది! వెంట వెళ్ళిన తమ్ముడు కూడా, "అన్నియ్యా, వెలగపండనీసి ఊరుకో, సరిపోద్ది" అని చెవిలో ఊదాడు.

"ముప్పయ్యారేళ్ళు కాపరం చేసిన మనిషికి వెలగపండేట్రా?" అని కసిరి, జగన్నాథం మామిడిపండు వదిలేశాడు. లోకంలో ఆయనకి అంతకంటే ఇష్టమైన తిండి లేదు. తను మామిడి తిన్ననాడు అక్కడ అసిరమ్మకి దక్కాల్సిన పుణ్యం దక్కకుండా పోతుందని ఆయన నమ్మకం. నవ్వేవాళ్ళు నవ్వుకోండి.

వదిలేసి ఇంటికొస్తే పెరట్లో ఏముందీ, మామిడి చెట్టు! వాళ్ళ నాన్న నరసన్నపేట నుంచి ఇక్కడి రైల్వే లోకోషెడ్డులో ఖలాసీగా చేరడానికొచ్చినప్పుడు సువర్ణరేఖ అంటు ఒళ్ళో పెట్టుకుని రైలెక్కాడట. ఆ చెట్టుకి ఓపిక బొత్తిగా లేదు. కాసినవన్నీ ఇరవై రోజుల్లో ఒక్కసారే పండించి పారేస్తుంది. ఇంట్లో నలుగురు తినగలిగిందెంత? సగం వీధికి, సగం చీమలకి. అసిరమ్మ ఉన్నన్నాళ్ళూ తాండ్ర పోసేది. ఆ పని ఈయనకి చేతకాలేదు. ఫ్రిజ్జు తలుపు తీయడం వచ్చు గనక ఐసు మొదలుపెట్టాడు.

ముప్పయ్యెనిమిదేళ్ళు షెడ్డులో ఫిట్టరుగా చేసిన చెయ్యి కదా, అన్నీ కొలతే. కిలో గుజ్జుకి నూట యాభై గ్రాముల పంచదార, గ్లాసు నీళ్ళు. పాకం కాచి చల్లార్చాలి. గుజ్జు పీచు లేకుండా పల్చటి గుడ్డలో వడకట్టాలి. రెండూ కలిపి స్టీలు డబ్బాలో పోసి పైఅరలో పెట్టి, నలభై నిమిషాలకోసారి తీసి చెంచాతో గీకాలి. గీకకపోతే రాయవుతుంది, గీకితే నోట్లో ఇసకలా విడిపోతుంది. కొలత తప్పకపోతే రుచి తప్పదని ఆయన ధీమా. పండు కూడా మనిషిలాంటిదే, ఏడాదికోలా ఉంటుందని ఆ మహానుభావుడికి తట్టలేదు. నేరేడు ఐసూ సీతాఫలం ఐసూ కూడా చేస్తాడు. అవి తను రుచి చూస్తాడు గనక ఎప్పుడూ బ్రహ్మాండంగా ఉంటాయి. మామిడి ఐసు ఒక్కో ఏడు బాగుంటుంది, ఒక్కో ఏడు దేవుడే దిక్కు. అయితే ఆ ముక్క పెద్దాయన మొహం మీద చెప్పేదెవరు? గోడవతల ఉండే గతౌరా ఊరి రాంప్రసాద్ అయితే గిన్నె అందుకోకముందే "గజబ్, బడే భయ్యా!" అని మెచ్చేసుకుంటాడు.

ఈ ఏడు ఆ ఐసు మీద ఒక ప్రాణం ఆధారపడింది.

కోడలు నీలవేణికి గొంతులో గడ్డ లేచింది. రాయపూర్ తీసుకెళ్ళి ముప్పయి మూడు సార్లు రేడియేషను కరెంటు పెట్టించారు. గడ్డ కరిగిందన్నారు గానీ నోరంతా పుండయింది. వంటింట్లోంచి కేకేస్తే వీధి చివరికి వినిపించే మనిషి ఇప్పుడు గుసగుసగా తప్ప మాట్లాడలేదు. అన్నం గడ్డి నమిలినట్టుందంటుంది, పాలు ఇనుము వాసనంటుంది. మనిషి ముప్పయ్యారు కిలోలకి దిగింది. చల్లగా, మెత్తగా ఉండేవి పెట్టమన్నాడు డాక్టరు. "శుక్రవారం మళ్ళీ తూస్తాను. ఇంకా తగ్గితే మాత్రం ముక్కులోంచి గొట్టం వేయక తప్పదు" అని కూడా అన్నాడు. రాయపూర్‌లో పక్కమంచం ఆవిడకి ఆ గొట్టం ఉండేది. రాత్రీపగలూ ఆవిణ్ణి చూసిన పిల్ల నీలవేణి.

"నాకు గొట్టం వద్దు మావయ్యా" అంది ఇంటికి రాగానే. ఏనాడూ ఇది కావాలి, అది వద్దు అని అడిగిన పిల్ల కాదు.

"ఎందుకేస్తారమ్మా? చెట్టునిండా కాయలున్నాయి. నాను ఐసు చేస్తాను, నువ్వు తిందువు గాని" అన్నాడు.

పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు. ఆదివారం సాయంత్రం ఆంధీ అనే దుమ్ముగాలి వచ్చి ఆ మాట నిజం చేసినంత పని చేసింది. అరగంట గాలికి చెట్టు మీదున్నదంతా నేలరాలింది, ఇంకా పది రోజులు చెట్టునుండాల్సిన కాయలు. జగన్నాథం తిట్టుకుంటూనే దెబ్బతగలనివి ఏరి, రాంప్రసాద్ ఇచ్చిన ఎండుగడ్డిలో ముగ్గబెట్టాడు. బుధవారానికి పసుపు రంగు తిరిగాయి, వాసనా వచ్చింది. హమ్మయ్య అనుకున్నాడు. కొలత ప్రకారం ఐసు చేశాడు.

మొదటి గిన్నె మనవరాలు శ్వేతకిచ్చాడు. ఎనిమిదో క్లాసు పిల్ల. వాళ్ళ నాన్న రమణబాబు అసిస్టెంటు లోకో పైలటు, పొద్దున్నే కట్నీ లైను డ్యూటీకి పోతూ ఆ పిల్లకొక పాఠం చెప్పి వెళ్ళాడు: "మమ్మీ ముందు ఏది తిన్నా సూపర్ అనాలి. మొహం చిట్లించావో, చూడు మరి. సమ్‌ఝీ?"

"సూపర్ హై తాతా! ఏక్‌దమ్ సూపర్!" అంది శ్వేత. గోడ మీంచి గిన్నె అందుకున్న రాంప్రసాద్ గజబ్ అననే అన్నాడు.

నీలవేణి ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఇంకో చెంచా పెట్టుకుంది. తర్వాత గిన్నె పక్కన పెట్టేసింది. కళ్ళమ్మట నీళ్ళు.

"ఏటమ్మా? మండుతున్నాదా?"

"లేదు మావయ్యా. చల్లగా హాయిగానే ఉంది. రుచే లేదు. చప్పటి నీళ్ళు తాగినట్టుంది. చివర్న కాస్త పులుపు, అంతే." ఆయాసం తీర్చుకుంది. "మీరంతా బాగుందంటున్నారు. నాకే తెలీడం లేదు. నా నాలిక చచ్చిపోయింది మావయ్యా, ఇంక రాదు. ఏది తిన్నా ఇంతే అయితే ఎందుకు తినడం? ఆ గొట్టమే వేయించీయండి."

అని గోడవైపు తిరిగి పడుకుంది.

జగన్నాథం డబ్బా పట్టుకుని వంటింటి గుమ్మంలో కూలబడ్డాడు. రోగం తిననివ్వకపోతే ఒక బాధ, పిల్ల తనే తిండి మీద ఆశ వదులుకోవడం అంతకు పదింతలు. అలా కూర్చున్నవాడికి ఒక మాట దగ్గర మనసు ఆగింది. చివర్న కాస్త పులుపు అంది. నాలిక చచ్చిపోతే పులుపెక్కణ్ణుంచి తెలిసింది? ఇంజన్లో ఎక్కడో చిన్న చప్పుడు తేడాగా వినపడితే షెడ్డులో ఇలాగే చెవులు నిక్కించేవాడు.

"శ్వేతా, ఇలాగ రా. నిజం చెప్పు, ఎలాగున్నాది?"

ఆ పిల్ల కాలి బొటనవేలు చూసుకుంటూ "సూపర్ హై తాతా" అంది, ఈసారి చిన్న గొంతుతో.

రాంప్రసాద్‌ని అడగడం దండగ. వీధిలో ఇంకెవర్నడిగినా అంతే. జబ్బు మనిషున్న ఇల్లని జాలిపడి మంచి మాటే చెబుతారు. మొహమాటం కొంపలు ముంచుతుందంటే ఏమో అనుకున్నాం, ఇదిగో, ఇలాగే ముంచుతుంది! నిజం తేల్చగలిగిన నోరు ఆ ఇంట్లో ఇంకొక్కటే ఉంది. ఆ నోటిని ఆయన గంగ ఒడ్డున కట్టేసుకుని వచ్చాడు.

చెంచా తీశాడు. పెట్టేశాడు. మళ్ళీ తీశాడు. పదకొండేళ్ళలో ఎన్నిసార్లు నోరూరిందో, ఎన్ని పళ్ళు కోసి వేళ్ళు కూడా నాక్కోకుండా కడుక్కున్నాడో ఆయనకే తెలుసు. ఎన్నడూ తప్పలేదు. ఇప్పుడు తప్పితే అంతా ఒక్క చెంచాతో గంగపాలే.

"అసిరీ, నీకు చెందాల్సింది నాను పాడుచేసీస్తున్నానే" అన్నాడు పైకే. "ఏటి చెయ్యను మరి? పిల్ల తిండి మానీసింది."

నోట్లో పెట్టుకున్నాడు.

సువర్ణరేఖ కోసం పదకొండేళ్ళు ఎదురుచూసిన నాలిక మీద తగిలిందేమిటయ్యా అంటే, సొరకాయ! చప్పిడి సొరకాయ. మింగబోతుంటే గొంతు దగ్గర ఒక చిన్న పులుపు. అంతకంటే ఇంకేం లేదు. జగన్నాథం ఇంకో చెంచా తిని ఖాయం చేసుకున్నాడు. తర్వాత డబ్బా పట్టుకుని అరవయ్యెనిమిదేళ్ళ మోకాళ్ళతో గదిలోకి పరిగెత్తాడు.

"అమ్మా నీలవేణీ! దరిద్రంగా ఉన్నాదమ్మా! చప్పగా, చివర్న పులుపు! నువ్వు చెప్పింది చెప్పినట్టే ఉన్నాది! పచ్చికాయలు ముగ్గబెట్టీసి చేశాను, తీపి ఎక్కణ్ణుంచొస్తాది? నీ నాలిక లక్షణంగా ఉందే తల్లీ! నా ఐసే తగలడ్డాది!"

వెనకాల శ్వేత భోరుమంది. "సారీ మమ్మీ! ముఝే భీ బకవాస్ లగా థా, నాకూ చెత్తగానే ఉంది. పప్పా సూపర్ అనమన్నారు!"

నీలవేణి మెల్లిగా లేచి కూర్చుంది. కూతుర్ని చూసింది, డబ్బాని చూసింది. మావగారి మీసం మీద అంటుకున్న పసుపు రంగు చూసి ఆగిపోయింది.

"మావయ్యా... మీరు తిన్నారా?"

ఆయన భుజం మీది తువ్వాలుతో మీసం తుడుచుకున్నాడు.

"కాశీలో వదిలీసింది కదా? అత్తయ్య కోసం కదా?"

"మీ అత్తయ్య సంగతి నాను చూసుకుంటాను. నువ్వు నీ సంగతి చూసుకో."

నీలవేణి కాసేపు ఏడ్చింది. ఆ తర్వాత చెంగుతో మొహం తుడుచుకుని, పెళ్ళయి వచ్చాక ఆ ఇంట్లో మొదటిసారి మావగారికి పని పురమాయించింది. "కరగబెట్టి ఇంకాస్త పంచదార, మీగడ వెయ్యండి. మీరు రుచి చూసి బాగుందంటేనే నాకు పెట్టండి. అందరూ వద్దు, మీరే."

ఆ సాయంత్రం జగన్నాథం వేశాడు, చూశాడు, మళ్ళీ వేశాడు, మళ్ళీ చూశాడు. నీలవేణి రెండు గిన్నెలు తింది. తీపి లీలగా తెలుస్తోందంది. మర్నాడు ఐసుతో పాటు మెత్తటి పెరుగన్నం కూడా నాలుగు ముద్దలు దిగింది. శుక్రవారం ఆసుపత్రిలో తూస్తే బరువు పెరగలేదు గానీ తగ్గలేదు. డాక్టరు ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "సరే, గొట్టం వద్దు. ఇలాగే తినిపించండి" అన్నాడు.

తిరిగొచ్చేప్పుడు ఆటోలో నీలవేణి మావగారి భుజానికి తలవాల్చి నిద్రపోయింది. శ్వేతకి మాత్రం పొద్దుట్నుంచీ మనసులో ఒకటే దిగులు.

"తాతా, నువ్వు మామిడి తినేశావు కదా... నానమ్మకి కోపం వస్తుందా?"

జగన్నాథం కోడలి తల పడిపోకుండా చెయ్యి అడ్డం పెట్టి, రోడ్డువైపు చూస్తూ అన్నాడు:

"రానీవే. తిట్టడానికైనా ఓసారొస్తే, కళ్ళారా చూసుకుంటాను."